చీకటికి గ్యారంటీ కార్డు

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఇప్పుడు సముద్రానికి కూడా గ్యారంటీ ఇస్తున్నారు. 2018లో ఆ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, కానీ ప్రకటనలవాళ్ళకి ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు. రీల్ తెరిస్తే చాలు: మడ అడవి మధ్య కయాక్, తెడ్డు పడ్డచోటల్లా భగ్గుమనే నీలం, పైన పాలపుంత, కింద "రాత్రి కయాకింగ్, మెరుపు గ్యారంటీ". గ్యారంటీ రాసిన పెద్దమనిషి ఎక్కడో ఏసీ గదిలో ఉంటాడు. దాన్ని నిలబెట్టాల్సిన గైడు మోకాలి లోతు బురదలో కయాకులు నెడుతుంటాడు.

మెరుపు అబద్ధం కాదు. ఆ నీళ్ళలో డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులుంటాయి. తెడ్డు తగిలినా, చేప కదిలినా, చెయ్యి పెట్టి కలిపినా ఒక్కసారి మెరిసి ఊరుకుంటాయి. ఆ మెరుపు సెకనులో చిన్న ముక్క. మసక వెలుగులో మన కంటికి రంగులు సరిగా ఆనవు కాబట్టి చాలామందికి అది నీలంగా కాక, పలచటి తెల్లటి మిణుకులా కనిపిస్తుంది. అదీ కళ్ళు చీకటికి అలవాటుపడ్డాకే. అందుకు ఇరవై ముప్పై నిమిషాలు కావాలి. ఈలోగా ముందు కయాకులోని బావగారు ఫోను తీసి "సిగ్నల్ ఉందా?" అని చూసుకుంటే ఆ వెలుగుకి వెనకవాళ్ళ కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. మరి రీల్‌లో నీలం? కెమెరాని కదలకుండా నిలబెట్టి, కొన్ని సెకన్లపాటు వెలుగంతా పోగుచేసి, ఆపైన రంగు దట్టించి తీసింది. ఊగే కయాకులో, చేతిలో ఫోనుతో అది రాదు. రాకపోతే తప్పు గైడుది.

తర్వాతి ముద్దాయి చంద్రుడు. వెన్నెల ఉంటే మెరుపు కనిపించదు, అమావాస్య దగ్గర్లో వెళ్ళాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఓ ధర్మసంకటం. గృహప్రవేశానికీ బోరుబావికీ కొత్త కారుకీ పంచాంగం చూసే మనం, జీవితంలో ఒకే ఒక్కసారి పంచాంగం నిజంగా పనికొచ్చే ప్రయాణానికి మాత్రం లాంగ్ వీకెండ్ చూసుకుంటాం. ఎవరైనా పొరపాటున తిథి చూసినా "అమావాస్యనాడు ప్రయాణమేమిటి, అపశకునం!" అని పెద్దావిడ కొట్టిపారేస్తుంది. అలా శుభమా అని పౌర్ణమికి దిగుతారు. దిగి, "తమ్ముడూ, వెలుగేదీ?" అని అడుగుతారు. గైడు ఆకాశం వైపు చెయ్యి చూపిస్తాడు. "అది కాదయ్యా, నీళ్ళలో వెలుగు!"

గైడు తెలుగులోనే జవాబు చెబితే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఎందరో. కాబట్టి మనవాళ్ళు చీవాట్లు పెట్టడానికి హిందీ కూడబలుక్కోనక్కర్లేదు.

ఆ కుర్రాడికి తెలిసిన విద్య ఏమిటో ఎవరూ అడగరు. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. పొద్దు గుంకాక ఆ కాస్త చీకటిని దొరకబుచ్చుకోవాలి. అదే వేళకి మడ కాలువలో పోటు నీరు ఉండాలి, లేకపోతే కయాకు వేళ్ళమీద చతికిలబడుతుంది. చంద్రుడూ నీళ్ళూ కుదిరాక గాలి కుదరాలి. ఈ లెక్కలన్నీ వేసి "ఇవాళ వద్దు సార్" అన్న గైడే అసలైన గైడు. ఆ మాటకి దొరికేది ఒక్క స్టారు.

జంతువుల గ్యారంటీ ఇంకా ముచ్చటైనది. బ్యానర్ మీద డుగాంగ్ నవ్వుతుంటుంది. అది అండమాన్ రాష్ట్ర జంతువే, ఒప్పుకుంటాం. కానీ సముద్రపు గడ్డి మేస్తూ ఎక్కడో అరుదుగా తిరిగే ఆ సాధువుని అక్కడే పుట్టిపెరిగినవాళ్ళలోనూ చూసినవాళ్ళు తక్కువ. ఆ మడ కాలువల్లో నిజంగా కాపురముండేది ఉప్పునీటి మొసలి. 2010లో హావ్‌లాక్‌లోనే ఒక అమెరికన్ పర్యాటకురాలిని పొట్టనపెట్టుకుంది. బ్యానర్‌లో దానికి చోటు లేదు. ఇన్ని గ్యారంటీలు ఇచ్చేవాళ్ళు దానికి మాత్రం ఇవ్వరెందుకో!

ఇంతా చేసి ఒడ్డుకొచ్చాక అందరూ గైడు భుజం తట్టి ఒకటే మాట: "నీ పనే హాయి తమ్ముడూ, జీతమిచ్చి మరీ విహారం చేయిస్తున్నారు!" నైరుతి రుతుపవనాల్లో కడలి కల్లోలమైతే ట్రిప్పులు లేవు, ట్రిప్పు లేకపోతే డబ్బు లేదు. ఆ నెలల్లో అతను విహారం చేసేది అప్పిచ్చేవాడి గుమ్మం దగ్గర. ఇష్టమైన పని కదా అని కూలి తగ్గించే ఆచారం మరే వృత్తిలోనూ ఇంత ధీమాగా నడవదు. అకౌంటెంటుకి లెక్కలంటే ఇష్టమని జీతం కోస్తామా?

అందుకే గ్యారంటీ కంపెనీలకి నాదో సలహా. కయాకు అడుగున నీలం ఎల్‌ఈడీ పట్టీలు అంటించండి. చంద్రుడితో పేచీ లేదు, ఆటుపోట్లతో పనిలేదు, ఫోటోలో రంగు అదిరిపోతుంది. పక్కన రబ్బరు డుగాంగ్‌ని తేలవేయండి, ముద్దు పెట్టుకోనివ్వండి. ఇక సముద్రం మాత్రం ఎందుకు? గచ్చిబౌలిలో ఏ అపార్టుమెంటు ఈతకొలనైనా చాలు. విమాన ఖర్చు మిగులుతుంది, మొసలి కూడా లేదు, పౌర్ణమినాడు రేటు కాస్త పెంచుకోవచ్చు.