మా పెరటి ఆర్గానిక్

మందు చుక్క తగలని ఆకుకూర ఎలా ఉంటుందో చూద్దురుగాని రండని ఖమ్మంలో నేను పిలవనివాళ్లు లేరు. వచ్చినవాళ్లకు టీ కంటే ముందు పెరడు చూపించేవాణ్ణి. పనిలో పనిగా పునుకుల కథ వినిపించేవాణ్ణి. పాల్వంచ మండలంలోని ఆ ఊరి పత్తి రైతులు ఇరవై ఏళ్ల కిందటే పురుగుమందులు మానేసి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో సేద్యం చేశారు. వాళ్లదీ నాదీ ఒకే బాట అని చివర్లో తగిలించేవాణ్ణి. వాళ్లు అప్పుల పాలై తెలుసుకున్నదాన్ని నేను సాయంత్రం తీరికకు వాడుకున్నాను.

ఇంతకీ మా పెరటి మట్టి ఎక్కడిది? ఇల్లు కట్టాక పెరట్లో సిమెంటు పెళ్లలే మిగిలితే, ఊరి బయటినుంచి ఒక టిప్పర్ నల్లమట్టి తోలించాను. "మిరపతోట మట్టి సారూ, ఏం పెట్టినా ఎగిసొస్తది" అన్నాడు తోలినాయన. మురిసిపోయాను. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చిపెట్టినప్పుడు రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టారని తెలియనివాణ్ణా? భద్రాచలం దాటి చర్ల వైపు పోతూ కళ్లారా చూశాను. రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో పోసి కర్రతో కలుపుతున్నారు. కొలత సీసా మూతతోనే. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని బండి వేగం పెంచాను. అలాంటి తోట మట్టినే డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను!

అది చాలదన్నట్టు గోడ వెంబడి చెదలకు క్లోరిపైరిఫాస్ పోయించి, ఆ గోడ వారనే ముల్లంగి మడి కట్టాను. నీడపట్టున బాగుంటుందని.

అనుమానం వచ్చినవాళ్ల నోరు మూయించడానికి మట్టి పరీక్ష కాగితం ఉండేది. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, బోరాన్... మొత్తం 12 అంశాలు. అందులో పురుగుమందు ఒక్కటీ లేదు. లేదంటే మట్టిలో లేదని అర్థం చేసుకున్నాను. అసలు ఆ పరీక్షలో దాన్ని వెతకనే వెతకరు. అవశేషాలు తేల్చాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ ఉన్న ల్యాబు కావాలి. డీడీటీ లాంటివి నేలలో ఏళ్ల తరబడి ఉండి, ఒంట్లో చేరితే కొవ్వులో తిష్ఠ వేస్తాయి. క్లోరిపైరిఫాస్ దెబ్బ నరాల మీద, పసిపిల్లల మెదడు మీద. అందుకు కూర తినాల్సిన పని కూడా లేదు, మట్టిలో ఆడిన చేతులు నోట్లో పెట్టుకున్నా, చెప్పులతో దుమ్ము ఇంట్లోకి వచ్చినా చాలు. మా మనవడు ఆడుకునేది ఆ మడి పక్కనే.

ఇప్పుడు అక్కడ బంతి, కనకాంబరం వేశాను. ఆకుకూరలు బజారు నుంచే. "ఆర్గానిక్ ఏమైందండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా పేపర్ అడ్డం పెట్టుకుంటున్నాను. పక్కింటావిడ మాత్రం మొన్న మళ్లీ గిన్నె పట్టుకొచ్చింది, మీ ముల్లంగి రుచే వేరు అంటూ. పురుగు పట్టిందని అబద్ధమాడి పంపించేశాను.