చివరి గడియలో ఇచ్చిన కుర్చీ

చర్చి హాలుకు కొత్త పియానో కావాలి. డబ్బు కోసం నాటకం వేద్దామన్నారు. జమీందారు, డాక్టరు, పాస్టరు గారి అమ్మాయి, అంతా ఊళ్లోవాళ్లే. ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతపు పల్లె అది. న్యూజీలాండ్ రచయిత్రి నైయో మార్ష్ 1939లో రాసిన ‘ఓవర్చర్ టు డెత్’ నవల కథ ఇది.

ఆ ఊళ్లో పెళ్లికాని పెద్దావిడలు ఇద్దరు. ఎలినార్ ప్రెంటిస్, ఇడ్రిస్ కాంపానులా. పైకి ప్రాణ స్నేహితులు. పాస్టరు గారి మెప్పు దగ్గర మాత్రం ఒకరంటే ఒకరికి పడదు. తెర లేచేముందు పియానో ఎవరు వాయించాలన్నది ఇద్దరికీ పరువు సమస్య అయింది. చివరికి అవకాశం ఎలినార్‌కు దక్కింది.

ఇలాంటి పట్టింపులు మార్ష్ కళ్లారా చూసినవే. పడుచుతనంలో అలన్ విల్కీ నాటక బృందంలో నటించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి క్రైస్ట్‌చర్చ్ విద్యార్థుల చేత షేక్‌స్పియర్ నాటకాలు ఆడించారు. తన డిటెక్టివ్‌కు సైతం షేక్‌స్పియర్ కాలపు నటుడు ఎడ్వర్డ్ ఆలిన్ ఇంటిపేరే పెట్టుకున్నారు. జీతం లేని నాటకంలో పేరే జీతమని ఆమెకు తెలిసినంతగా మరే డిటెక్టివ్ రచయితకూ తెలియదని నా నమ్మకం.

ఎలినార్ వేలు వాచి చీము పట్టింది. డాక్టరు వద్దన్నా వాయిస్తానని పట్టుబట్టింది. చివరి గడియలో, కన్నీళ్లతో, కుర్చీ ఇడ్రిస్‌కు వదిలేసింది. ఇడ్రిస్ సంబరం చెప్పనలవి కాదు. ప్రేక్షకుల ముందు దర్జాగా కూర్చుని రాక్‌మానినోవ్ ప్రెల్యూడ్ ఎత్తుకుంది. మొదటి స్వరాలు మోగాయి. స్వరం తగ్గించే పెడల్ మీద కాలు వేసింది. పియానోలో దాచిన పిస్తోలు పేలింది. ట్రిగ్గర్ నుంచి పెడల్‌కు దారం కట్టి ఉంది. ఇడ్రిస్ అక్కడికక్కడే చనిపోయింది.

గురి ఎలినార్‌కేనని జనం తేల్చేశారు. వాయించవలసింది ఆవిడే కదా! వేలి నొప్పి ప్రాణం కాపాడిందన్నారు.

లండన్ నుంచి వచ్చిన డిటెక్టివ్ ఆలిన్ ఆ జాలిలో కొట్టుకుపోలేదు. కుర్చీ మారుతుందని ముందే తెలిసిన మనిషి ఎవరని వెతికాడు. అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు. అంతకుముందు ఒక రాత్రి ఇడ్రిస్‌ను పాస్టరు గారి కౌగిలిలో చూసిన మనిషి కూడా ఆ ఒక్కరే.

పిస్తోలు అమర్చింది ఎలినార్.