బరాత్‌లో బ్యాండు కచేరీ వినే పద్ధతి

టికెట్టు లేని కచేరీ అంటే మనవాళ్లకు చులకన. రవీంద్రభారతిలో ముందు వరసలో కూర్చుని తల ఊపే పెద్దమనిషే, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన ఫోన్లో ప్లాట్ల ధరలు మాట్లాడుకుంటూ నడుస్తాడు. ఆయనంతటి రసికులు కావాలంటే ఇలా చేయండి.

శుభలేఖలో బరాత్ ఏడింటికని ఉంటే తొమ్మిదింటికి బయల్దేరండి. బ్యాండు వాళ్లు మాత్రం ఆరున్నరకే ఎర్ర కోట్లు, భుజాల మీద జరీ కుచ్చులతో ఫంక్షన్ హాలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఆ కోట్లు ఎవరి కొలతలకు కుట్టించారో వాళ్లెవరూ ఇప్పుడు ఆ బ్యాండులో ఉన్నట్టు లేరు. మే నెల ఉక్కపోతలో ఎవరైనా మెడ దగ్గర గుండీ విప్పుకుంటే క్షమించకండి. బ్యాండు మాస్టరును పిలిచి డిసిప్లిన్ గురించి రెండు ముక్కలు చెప్పండి.

నిలబడటానికి మంచి చోటు ట్రాంబోన్ ముందు. దాని గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ స్వరం మారుస్తారు కాబట్టి, ఊదేవాడి ముందు చెయ్యి చాపినంత ఖాళీ ఉండాలి. మీరు తీన్మార్ వేయాల్సింది సరిగ్గా ఆ ఖాళీలోనే. గొట్టం వీపుకు తగిలితే తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

ఇక ట్రంపెట్. దానికి ఉన్నవి మూడే మీటలు. అవి ఎన్ని విధాల నొక్కినా సగం పని పెదవుల బిగువుదే, ఊపిరిదే. మూడు గంటలు ఊదాక పెదవి మీద మౌత్‌పీస్ అచ్చు గుండ్రంగా పడుతుంది. మధ్యలో అతను వాద్యం దించి, కింద ఉన్న చిన్న మీట నొక్కి నాలుగు చుక్కలు నేల మీదికి వదులుతాడు. ఊపిరిలోని తడి గొట్టం లోపల నీరై నిలుస్తుంది, తీయకపోతే స్వరం గుడగుడలాడుతుంది. మీకు ఇవన్నీ అనవసరం. ‘ఛీ, ఉమ్ము’ అని ముఖం తిప్పుకోండి. మరుక్షణం పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పిన పది నోటును అదే ట్రంపెట్ నోట్లో దోపండి.

పాట ఏదైనా చరణం దాకా రానివ్వకూడదు. బాబాయి ఘంటసాల అడగాలి, బావమరిది మొన్న విడుదలైన సినిమా పాట అడగాలి. బ్యాండు వాళ్ల ముందు స్వరాలు రాసిన కాగితమేదీ ఉండదు, చెవితో పట్టిన పాటలే. అయినా మాస్టరు ఒక్క సైగ చేస్తే పదిమందీ ఒకేసారి కొత్త పాటలోకి దూకుతారు. ఆ దూకుడు చూడదగ్గది. అప్పుడే సెల్ఫీ తీసుకోండి, మీ వెనక వాళ్లు మసగ్గా పడతారు.

పాండిత్యం ఉన్నవాళ్లు దాన్ని పాట మంచి పట్టు మీదున్నప్పుడే బయటపెట్టాలి. సాక్సఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా రెల్లు పుల్లతో మోగుతుంది కనుక అది సన్నాయి కులానిదేనని, అడాల్ఫ్ సాక్స్ 1846లో దానికి పేటెంట్ తీసుకున్నాడని, ఇలాంటి బ్యాండు వాద్యాలకు మీరట్ పెట్టింది పేరని పక్కవాడి చెవిలో అరవండి. పొద్దున పందిట్లో సన్నాయి వాళ్లకు కనీసం ‘గట్టిమేళం’ అనే కేక అయినా పడుతుంది. బ్యాండు వాళ్ల వైపు చూసి అలా పిలిచే పురోహితుడు లేడు.

ఇంత చేసినా సంగీతం వినబడుతోందా? డీజే బండిని తెచ్చి ముందు పెట్టండి. రాత్రి పది తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 సంవత్సరపు కేంద్ర నియమాలు చెబుతున్నాయి. పోలీసులు వస్తే బ్యాండు మాస్టరును ముందుకు తోయండి, యూనిఫాం ఉన్నవాళ్లు వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటారు.

చివరగా లెక్కలు. మిగిలిన డబ్బుకు రేపు రమ్మని చెప్పడం ఆచారం. రేపు వాళ్లకు ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి ఉంటుందని మీకూ తెలుసు.

ఒక్కటి మాత్రం వెటకారం కాదు. ఊరేగింపు హాలుకు చేరగానే బ్యాండు వాళ్లకూ, తల మీద లైట్లు మోసిన ఆడవాళ్లకూ ముందు బంతిలోనే విస్తర్లు వేయించండి.