పెన్‌డ్రైవ్ పాఠభేదం: సటీకా తాత్పర్యము

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. కంప్యూటర్‌కు అలాంటి నియమం లేదు. అడిగినదానికీ అడగనిదానికీ ఒకే గొంతుతో పలుకుతుంది. అందుకే ఈ కింది సూత్రానికి టీక అవసరమైంది.

సందర్భం సూరత్‌లోని వడోద్. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఆ నగరంలో మగ్గాల మీద బతుకు నిలుపుకొన్నారు. అలాంటి ఇంటి కుర్రాడొకడు, మూలపడ్డ పాత కంప్యూటర్‌ను లేపడానికి పెన్‌డ్రైవ్‌ను లినక్స్‌లో ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, దాని మీద సిస్‌లినక్స్ బూట్‌లోడర్ ఎక్కించాడనుకుందాం. ఎందుకైనా మంచిదని ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపాడు. తెర మీద సూత్రం వెలిసింది.

మూలం: దేర్ ఆర్ డిఫరెన్సెస్ బిట్వీన్ బూట్ సెక్టార్ అండ్ ఇట్స్ బ్యాకప్. దిస్ ఈజ్ మోస్ట్‌లీ హార్మ్‌లెస్.

ప్రతిపదార్థం: బూట్ సెక్టార్ = ఫైల్‌సిస్టమ్ మొదట్లో ఉండే 512 బైట్ల సెక్టార్; ఇట్స్ బ్యాకప్ = సున్నా నుంచి లెక్కపెడితే మామూలుగా 6వ సెక్టార్‌లో దాచిన దాని నకలు; డిఫరెన్సెస్ = పాఠభేదాలు; దేర్ ఆర్ = ఉన్నవి; హార్మ్‌లెస్ = అపాయం లేనిది; మోస్ట్‌లీ = చాలామటుకు.

ఈ చివరి మాట దగ్గరే వ్యాఖ్యాత కలం ఆగుతుంది. పెళ్లి సంబంధం గురించి వాకబు చేస్తే "కుర్రాడు చాలామటుకు మంచివాడే" అన్నట్టుంది. అది విన్న ఆడపిల్ల తండ్రికి నిద్ర పడుతుందా?

శంక: పెన్‌డ్రైవ్ చెడిందా?

సమాధానం: చెడలేదు. సిస్‌లినక్స్ తన కోడును మొదటి సెక్టార్‌లో రాస్తుంది, అక్కడున్న ఫార్మాట్ సంతకం చెరిపి తన పేరు పెట్టుకుంటుంది. నకలు జోలికి మాత్రం పోదు. అసలు మారింది, నకలు పాతబడింది. కడపలో సి.పి. బ్రౌన్ పండితుల చేత తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టించి సరిచూయించినట్టు, ఎఫ్‌ఎస్‌సీకే ఈ రెండు ప్రతులనూ బైటు బైటుకూ పోల్చి, తేడా ఉన్న స్థానాలను అంకెలతో సహా ఏకరువు పెడుతుంది. వినయం కూడా ఉంది: సొంతంగా సరిచేయమని 'ఎ' గుర్తు ఇచ్చినా ఈ ఒక్క తేడాను ముట్టుకోదు. అందుకే నడిపినప్పుడల్లా అదే పాట.

ఇక 'చాలామటుకు'లో మిగిలిన కొంత సంగతి. తేడాలు 0 నుంచి 10 వరకూ, 90 నుంచి 509 వరకూ ఉన్న బైట్లలో కనబడితే అది బూట్‌లోడర్ చేతివ్రాతే. 65వ బైటు ఒక్కటే తేడాగా ఉంటే, పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేశారని అర్థం. ఆ అలవాటు లేని ఇల్లు ఆంధ్రలోనూ లేదు, గుజరాత్‌లోనూ లేదు. తక్కిన 11 నుంచి 89 వరకూ మాత్రం సెక్టార్ ఎంత, క్లస్టర్ ఎంత, ఫ్యాట్ పట్టిక ఎక్కడ అనే కొలతలుంటాయి. భేదం అక్కడ పడితే ముందు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఆ తర్వాతే పాండిత్యం.

తాత్పర్యం: ఎఫ్‌ఎస్‌సీకే మూడు దారులు చూపుతుంది. ఒకటి, అసలును నకలు మీదికి ఎక్కించడం. రెండు, నకలును అసలు మీదికి. మూడు, ఊరుకోవడం. బూట్‌లోడర్ తేడాకు ఒకటో దారే సరైనది. మూడోదీ తప్పు కాదు. "బ్యాకప్ అంటే నమ్మకమైనదే కదా" అని రెండు నొక్కినవాడికి బూట్‌లోడర్ కోడు పోయి, ఫార్మాట్ చేసిన నాటి పాత పాఠం తిరిగొస్తుంది. అప్పుడు ఆ పాత కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్‌తో లేపబోతే, ఇది బూట్ డిస్కు కాదు, బూటయ్యే ఫ్లాపీ పెట్టి ఏదో ఒక మీట నొక్కండి అంటుంది.