కడ్డీలోని కండ

కలియుగమున ముక్తి నామస్మరణమాత్రమున లభించునని పెద్దలు చెప్పగా వినియుంటిమి గాని, కండబలము కాగితము చింపినమాత్రమున లభించునని చెప్పువారిని దర్శించుటకు 21వ శతాబ్దము దాక వేచియుండవలసి వచ్చినది. ఆ కాగితమునందలి దివ్యవస్తువునకు ప్రొటీన్ బారు అని పేరు. సుమారు 60 గ్రాముల తూకమును, అందు 20 గ్రాముల మాంసకృత్తులును, 100 మొదలు 150 రూపాయల వరకు వెలయు గలిగి, చాకొలెట్టు వన్నెతో మెరయుచు, హైదరాబాదు, బెంగుళూరు వంటి మహానగరముల వ్యాయామశాలలను జయించి, నేడు బస్తరు సీమకు ముఖ్యపట్టణమైన జగదల్‌పూరు దుకాణముల అద్దపుబీరువాలలో సైతము అది కొలువు తీరినది. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరిని దాటిపోయి ఈ సీమయందే రాజ్యము స్థాపించెనని చెప్పుదురు. నేటికిని భద్రాచలము, చింతూరు, కుంట, సుక్మాల మీదుగా మన సరకులు అటు పోవుచునే యున్నవి. అయితే అన్నమదేవుడు కత్తి చేతబట్టి సాగించిన దండయాత్ర యెంత కష్టతరమో, ఈ కడ్డీ సాగించిన దండయాత్ర అంత సులభతరము. దీనికి ఎదురు నిలిచిన దుర్గము లేదు, తలుపు తీయని ద్వారపాలకుడు లేడు.

కడ్డీని ఎన్నుకొనుట సామాన్యవిషయము గాదని తద్విశారదులు బోధింతురు. రుచి చూడవలెనట, పోషణ చూడవలెనట, అన్నిటికంటె ముఖ్యముగా ‘లక్ష్యము’ చూడవలెనట. పూర్వము మేనకోడలికి సంబంధము కుదుర్చు మేనమామ వరుని జాతకచక్రమును ముందు పెట్టుకొని ఏ గ్రహము ఏ యింట నున్నదో లెక్కించిన నిష్ఠతో, నేటి యువకుడు కాగితము వెనుకవైపున కంటికానని అక్షరములలో అచ్చొత్తిన పట్టికను చదివి, పిండిపదార్థము ఏ స్థానమున నున్నది, క్రొవ్వు ఎవరిని వీక్షించుచున్నది, చక్కెర నీచపడినదా లేదా అని తర్కించుచున్నాడు. బరువు పెరుగదలచినవానికి ఒక కడ్డీ, తరుగదలచినవానికి ఒక కడ్డీ, వేకువనే పరుగెత్తువానికి ఒకటి, పరుగెత్తవలెనని రాత్రి సంకల్పించి వేకువను నిద్రించువానికి మఱియొకటి. ఈ కడపటి తెగవారివలననే వ్యాపారము సాగుచున్నదని నా అనుమానము. లక్ష్యము నెరవేరనివాడే కదా మరల మరల కొనునది!

రుచి సంగతి ముందు విచారింతము. పాలపొడిని, సోయాపిండిని కలిపి గట్టిగా అదిమినంత మాత్రమున నాలుక మెచ్చు పదార్థము పుట్టదు. కావున తీపి కలుపవలెను. తీపికై చక్కెర కలిపినచో పట్టిక చెడును. కావున మాల్టిటాల్, సార్బిటాల్ అను పాలియాల్ ద్రవ్యములను ఆశ్రయింతురు. ఇవి చిన్నప్రేగులలో పూర్తిగా జీర్ణము గాక పెద్దప్రేగులను జేరి, అచటి సూక్ష్మజీవులకు విందొనర్చును. అందువలననే పాలియాల్ గల పొట్లముపై ఇది విరేచనకారి కావచ్చునని హెచ్చరిక ముద్రింపవలెనని మన ఆహారనిబంధనలు శాసించుచున్నవి. పరుగే లక్ష్యముగా గలవానికి ఇంతకు మించిన ప్రోత్సాహమేమి గలదు? ఇక పీచుపదార్థము కొఱకు చికోరి వేరునుండి తీసిన ఇన్యులిన్ కలుపుదురు. కాఫీపొడిలో కలిసినంత కాలము కల్తీయని మన తాతలు హోటలువారితో కలహించిన చికోరి, కడ్డీలో కాలు పెట్టినంతనే పేగులకు మిత్రుడని పూజలందుకొనుచున్నది. ఇన్ని చేసినను కడ్డీ దుకాణములో కొన్ని మాసములు కూర్చుండినచో గట్టిపడును. మాంసకృత్తులధికముగా నదిమిన పిండి స్వభావమది. దంతములకు సైతము కొంత వ్యాయామము కలుగునని సంతసింపవలెను.

పోషణ విషయమున కడ్డీని తక్కువ చేయుట న్యాయము గాదు. అందలి శ్రేష్ఠమైన భాగము వే అను ద్రవ్యమునుండి వచ్చును. వే యనగా పాలు విరిచి చీజు తీయగా మిగులు తేటనీరు. పాశ్చాత్యదేశముల చీజు కర్మాగారములు చిరకాలము దానిని పందులకు పోసియు, నదులలోనికి వదలియు వదిలించుకొనుచుండెను. నదులు చెడుచున్నవని గగ్గోలు పుట్టిన పిమ్మట దానిని వడగట్టి, ఆరబెట్టి, పొడిచేసి, డబ్బాలకెక్కించు విద్య వృద్ధినొందినది. గుణమునకు లోపము లేదు; కండ పెంచుటకు కావలసిన అమైనో ఆమ్లములన్నియు అందున్నవి. పాపము, ఇంతటి క్రీడాకారుల భోజనమును తాను ఉచితముగా ఆరగించుచున్నానని ఆనాటి పందికి చెప్పినవారే లేకపోయిరి.

ఇప్పుడు ఈ వివేకమంతయు ప్రదర్శింపబడుచున్న స్థలమును పరికింపవలెను. జగదల్‌పూరు అద్దపుబీరువాను విడిచి తోకాపాల్, దర్భా, లోహండీగూడ, గీదం సంతలలో దేనికి పోయినను, నేలమీద పఱచిన గోనెపట్టాలపై రాగులు, సామలు, అరికలు, ఉలవలు, సారపప్పు, ఎండిన ఇప్పపువ్వు, ఎండుచేపలు రాశులు పోసియుండును. మండియా పేజ్ అని వారు పిలుచుకొను రాగి అంబలిని సొరబుఱ్ఱలో పోసికొని అడవికి పోయి ప్రొద్దుగూకువరకు పని చేసి వచ్చు జనము ఆ సీమలోని జనము. మన ఆహారభద్రతా సంస్థవారు 2018లో చేసిన నిబంధనలను బట్టి 100 గ్రాముల ఘనపదార్థమున దినావశ్యకమైన మాంసకృత్తులలో 5వ వంతు ఉన్నచో అది ‘మాంసకృత్తులు సమృద్ధిగా గలది’ అని చాటుకొనవచ్చును. పురుషునికి దినమునకు 54 గ్రాములని లెక్కించినచో ఆ 5వ వంతు 11 గ్రాములైన గాదు. 100 గ్రాముల ఉలవలలో 20కి పైగా, వేరుసెనగపప్పులో 23కి పైగా ఉండును. అనగా ఉలవలు ఆ బిరుదమును ఒక మాఱు గాదు, ఇంచుమించు రెండు మాఱులు గెలుచుకొన్నవి. కాని గోనెసంచిమీద బిరుదము ముద్రించు చోటేది? వెండితళుకుల కాగితములో ఇమడనిది పోషకాహారమెట్లగును? ఈ ఉలవలనే దాణాగా తిని గుఱ్ఱములు యుగయుగములుగా పరుగెత్తినవి గాని, ఏ రౌతును తన గుఱ్ఱమునకు ముందుగా లక్ష్యనిర్ణయము చేసినట్లు పురాణములలో సైతము కానరాదు.

చీమల కథ ఇంతకంటె చిత్రమైనది. బస్తరు సంతలలో ఆకుదొన్నెలలో పోసి అమ్ము ఎఱ్ఱచీమలను, వాని గ్రుడ్లను మిరపకాయ, ఉప్పులతో నూరి చేయు చాప్‌డా పచ్చడిని చూచి, రైలు దిగిన నాగరికుడు ముక్కు మూసికొని ‘అయ్యో, వీరింకను చీమలను తినుచున్నారా’ యని జాలిపడెను. అంతలో సముద్రముల కావల ఏమి జరిగినది? అమెరికాలో కీచురాళ్లను పిండిచేసి ఆ పిండితోనే ప్రొటీన్ బార్లు చేయు వ్యాపారములు వెలసినవి. 2021లో ఐరోపా సమాఖ్యవారు పసుపుపచ్చని పిండిపురుగును ఎండబెట్టి తినవచ్చునని శాసనపూర్వకముగా అనుమతించి, దానిని ‘నూతనాహారము’ అను వర్గమున చేర్చిరి. 2024లో బస్తరునకు పొరుగు రాష్ట్రమైన ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎఱ్ఱచీమల పచ్చడికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇప్పుడు అదే నాగరికుడు అదే రైలు దిగి అదే దొన్నె ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనుచున్నాడు. బస్తరు ముదుసలి నమిలినంత కాలము అనాగరికమైన పురుగు ఐరోపావాడు నమలగా నూతనమైనది. చీమలో మాత్రము మార్పు లేదు. అది వెనుకటివలెనే కుట్టుచున్నది.

ఈ పంక్తులు చదువుచు, ఈ వ్యాసకర్తకు లెక్క తెలియదని కండలు దీరిన యువకులు కినియవచ్చును. తెలియకేమి? వేరుసెనగతో 20 గ్రాముల మాంసకృత్తులు కావలెనన్నచో 80 గ్రాములకు పైగా నమలవలెను. దానితోపాటు వచ్చు క్రొవ్వు కడ్డీలోని దానికంటె ఎక్కువ. రాగులలోను బియ్యములోను లైసిన్ అను అమైనో ఆమ్లము తక్కువ. పప్పు తోడైనగాని ఆ లోటు తీరదు. బరువులెత్తు పోటీలకు సిద్ధపడుచు, దినమునకు రెండు పూటలు చెమటోడ్చి, వంట చేసికొను తీరిక లేని మల్లుడొకడు బస్సులో కడ్డీ కొఱికినచో నేనాతనిని ఆక్షేపింపను. నా ఆక్షేపణయంతయు ఆఱవ అంతస్తునకు లిఫ్టులో పోవుటకై ముందుగా కడ్డీ తినువానిమీదనే. మూడు ఉడికించిన గ్రుడ్లు 25 రూపాయలకు లోపే, ఇంచుమించు అంతే మాంసకృత్తులనిచ్చును. కాని ఉడికించిన గ్రుడ్డును జేబులో నుంచుకొని వ్యాయామశాలకు పోయినవానిని ఏ మిత్రుడు గౌరవించును?

భారతదేశమునకు మాంసకృత్తుల కొఱత పట్టినదని కడ్డీల వారు చేయు ప్రకటన నూతనమైనదని యువకులు భ్రమపడుచున్నారు. ఈ పాట మా పెద్దలు విన్నదే. 1968లో ఐక్యరాజ్యసమితియే ప్రపంచమునకు మాంసకృత్తుల విపత్తు ముంచుకొనివచ్చుచున్నదని నివేదిక వెలువరించెను. ప్రపంచమంతయు చేపపిండి, గింజలపిండి, నూనెపిప్పి పిండి వెంట పరుగెత్తుచుండగా, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ గారును ఆయన సహచరులును సమీపగ్రామముల పేదపిల్లలను పరీక్షించి, వారికి తక్కువైనది మాంసకృత్తులు గాదు, అసలు అన్నమే తక్కువైనదని తేల్చిరి. 1973లో వారు ప్రకటించిన పరిశోధన నేటి కడ్డీప్రియులు చదువదగినది. గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన ఒక చిన్న ఫలహారము, 310 కెలోరీలు గలది, మాంసకృత్తులు కేవలము 3 గ్రాములు గలది, పిల్లలకు ప్రతిదినము పెట్టుచు రాగా వారు ఎత్తును బరువును పెరిగిరి. మూడే గ్రాములు! మఱుసటి సంవత్సరమే లాన్సెట్ పత్రికలో మెక్లారెన్ అను వైద్యుడు ఆ మాంసకృత్తుల ఆర్భాటమంతటిని ఘోరవైఫల్యమని వర్ణించి వ్రాసెను. ఆ సంస్థవారే గోధుమలు, సెనగలు, వేరుసెనగలు వేయించి, బెల్లముతో కలిపి ‘హైదరాబాదు మిక్స్’ అను పిండిని రూపొందించిరి: 86 గ్రాములలో 330 కెలోరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. దానిని అదిమి ముక్కలు కోసి నల్లని కాగితము చుట్టియుండినచో నేడు అది ఎట్టి ధర పలుకునో! పాపము, ఆ శాస్త్రవేత్తలకు అట్టి వ్యాపారబుద్ధి లేకపోయెను. క్షీణించిన బిడ్డలకొఱకు దానిని కనిపెట్టిరి. 2024 మే మాసమున ఆ సంస్థయే వెలువరించిన ఆహారసూత్రములలో కండలకొఱకు మాంసకృత్తుల పొడులను వాడవలదని స్పష్టముగా వ్రాసినది. ఆ హితవు కడ్డీ కొఱుకు చప్పుడులో వినబడలేదు.

కొఱత నిజముగా నున్నచోట ఏమి జరిగినదో ఛత్తీస్‌గఢ్ చరిత్రయే చెప్పగలదు. 2019 జూలైలో బడిపిల్లల మధ్యాహ్నభోజనమున గ్రుడ్డు పెట్టుటకు ప్రభుత్వము పూనుకొనగా శాకాహారులైన కబీరుపంథీయులు రహదారిపై కూర్చుండిరి, శాసనసభ దద్దరిల్లెను, తుదకు తల్లిదండ్రుల అభిప్రాయము సేకరించి, అంగీకారము కుదరని చోట గ్రుడ్డును పిల్లవాని యింటికే పంపవలెనని నిర్ణయించిరి. వారి విశ్వాసమును నేను హేళన చేయను. తినని వానిచే తినిపింపరాదు. నన్ను విస్మితుని చేయునది వేఱు. ఒక గ్రుడ్డులో నున్నది 6 గ్రాముల మాంసకృత్తులు. పేదబిడ్డ కంచములోనికి ఆ 6 గ్రాములు రావలెనన్నచో ధర్మశాస్త్రము, శాసనసభ, పోలీసు బందోబస్తు, తల్లిదండ్రుల సమ్మతి కావలెను. కలిగినవాని జేబులోనికి 20 గ్రాములు రావలెనన్నచో ఫోనుమీద ఒక వ్రేలు చాలును. ఆ అక్టోబరు 2న, గాంధీమహాత్ముని 150వ జయంతినాడు, ప్రభుత్వము సుపోషణ ఉద్యమమును ఆరంభించి వేడి భోజనము, గ్రుడ్లు, వేరుసెనగ ఉండలు పంచసాగెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ రాష్ట్రమున అయిదేండ్లలోపు పిల్లలలో 100కి 31 మంది వయస్సునకు తగిన బరువు లేరని చూపినది. వారికి ఏ రుచి కడ్డీ తగునో, వారి లక్ష్యము బరువు పెరుగుటయో తరుగుటయో, నిపుణులెవ్వరును ఇంతవరకు సలహా ఈయలేదు.

ఇక భవిష్యత్తు నాకు కనుపించుచునే యున్నది. బస్తరు మహిళాసంఘములు ఇప్పపువ్వుతో లడ్డూలు చేయుచున్నవి. వానిని సామాన్యమైన డబ్బాలో పెట్టి సామాన్యమైన వెలకు అమ్ముచున్నారు గనుక అవి లడ్డూలుగానే మిగిలినవి. రేపో మాపో నగరమునుండి యెవడో ఒక బుద్ధిశాలి దిగి, ఆ ఇప్పపువ్వును, రాగులను, సారపప్పును కలిపి అదిమి, పైని కొమ్ముల కిరీటము ధరించిన మారియా తెగ నర్తకుని చిత్రము ముద్రించి, ‘ఆదిమశక్తి’ యని పేరిడి, జగదల్‌పూరు విమానాశ్రయమున 150 రూపాయలకు నిలుపగలడు. ఒకప్పుడు ఈ సీమ సంతలకు వచ్చిన వర్తకులు ఉప్పు తూచి యిచ్చి అంతే తూకమునకు సారపప్పు పట్టుకొనిపోయెడివారు. అడవిబిడ్డకు ఉప్పు దక్కెను, వర్తకునకు పప్పు దక్కెను, తూకము సరిపోయెను గనుక ఎవరును దగాయని యనలేకపోయిరి. ఈ నూతనవర్తకుడు అంతకంటె నిజాయితీపరుడు. తన కడ్డీలో సారపప్పు ఎంత, ఉప్పు ఎంత కలిపెనో చట్టప్రకారము కాగితము వెనుకనే అచ్చొత్తించును.