హోయాకు తలకిందుల సలహాలు

హోయా తీగను నర్సరీ నుంచి తెచ్చిన రోజు ఏమీ చేయకండి. పెద్ద కుండీలోకి మార్చకండి. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి సిద్ధంగా పెట్టుకుని ఉంటే మల్లెపాదుకు వేసేయండి, మల్లె సంతోషిస్తుంది. హోయా నేలలో మొలిచే మొక్క కాదు. పశ్చిమ కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో చెట్ల బెరడు పగుళ్లలో, ఇంత నాచులో, పిడికెడు కుళ్లిన ఆకుల్లో వేళ్లు దించుకుని కొమ్మల మీద పాకుతుంది. ఆ వేళ్లకు ఇరుకే సుఖం. పెద్ద కుండీలో ఇంత వేరు, అంత మట్టి. ఆ మట్టి ఆరక ముందే మళ్లీ నీళ్లు పోస్తాం, వేరు కుళ్లుతుంది. ఏడాదో రెండేళ్లో గడిచి వేళ్లు కుండీ నిండా చుట్టుకున్నాక, ఒక్క అంగుళం పెద్ద కుండీ చాలు. అందులోకీ మట్టి వద్దు. కొబ్బరిపొట్టు, బొగ్గుముక్కలు, చితక్కొట్టిన పెంకులు సమంగా కలిపి నింపండి.

నీళ్లు పోయడం మానండి. మా నెల్లూరు తీరంలో హోయాలు ఎండిపోయి చావడం అరుదు, తడిసి చావడమే ఎక్కువ. ఆ ఆకు మందాన్ని చూడండి, నీళ్లన్నీ అందులోనే దాచుకుంటుంది. కార్నోసా రకం పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి, ఎండలో అది పోగొట్టుకునే తడి తక్కువ. రోజూ చెంబు పట్టుకుని వెళ్లే బదులు ఒక ముదురు ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా వంచండి. బిర్రుగా ఎదురు తిరిగితే వెనక్కి వచ్చేయండి. మెత్తగా వంగితే, కుండీలో వేలు పెట్టినా తడి తగలకపోతే, అప్పుడు అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. కుండీ తడిగా ఉండి కూడా ఆకు ముడతలు పడిందంటే అది దాహం కాదు, వేరు పోయిందని గుర్తు. నీళ్లు పోస్తే మిగిలిన తీగ కూడా పోతుంది.

పుస్తకాల్లో ఉన్న కాలాల పట్టికను కూడా పక్కన పెట్టండి. ఈ జాతికి 1810లో రాబర్ట్ బ్రౌన్ పేరు పెట్టింది ఇంగ్లండులోని సయన్ హౌస్ తోటమాలి థామస్ హోయ్ గౌరవార్థం. గాజు ఇళ్లలో దీన్ని సాకిన ఆ చలిదేశాల అనుభవమే ఇప్పటికీ చాలా సలహాల్లో వినపడుతుంది: వేసవిలో నీళ్లూ ఎరువూ పెంచు, శీతాకాలంలో తగ్గించు అని. నెల్లూరు తీరానికి ఆ లెక్క కుదరదు. ఏడాది వానలో సగానికి పైగా మాకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే వారం రోజులు గోడలు కూడా ఆరవు. ఆ మూడు నెలలూ కుండీ పంచలోనే ఉండాలి, చినుకు తగలకూడదు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు తీగ ఎదగడం మానేసి ఊరుకుంటుంది. ఎదగడం లేదని ఎరువు వేయకండి. ఊరుకోనివ్వండి.

ఇక మన నీళ్ల సంగతి. ఇస్కపల్లి వైపు ఉప్పు కొటార్లు, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం పొడవునా సముద్రపు గాలి, 1990ల నుంచి విస్తరించిన రొయ్యల గుంటలు. చాలాచోట్ల బోరు నీళ్లు నాలుక మీద వేసుకుంటేనే ఉప్పదనం తెలుస్తుంది. ఆ నీళ్లు పోసిన కుండీ అంచున తెల్లగా పొక్కు కడుతుంది. ఆకు కొన మాడితే తెగులని మందు కొట్టకండి, అది ఉప్పు. ఈశాన్య వానలప్పుడు డాబా నీళ్లు డ్రమ్ముల్లో పట్టి, దోమలు చేరకుండా మూతపెట్టి దాచుకోండి. అవి అయిపోతే ఏసీ నుంచి కారే నీళ్లు వాడుకోవచ్చు. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. బియ్యం కడుగు, టీ పిప్పి కూడా వద్దు; ఆ కుండీలో పులిసి చిన్న పురుగుల్ని పిలుస్తాయి. తూర్పు వైపు, పొద్దుటి ఎండ తగిలేచోట, సముద్రపు గాలి సూటిగా కొట్టకుండా గోడ చాటున వేలాడదీయండి. పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో ఆకులు తుడవండి.

అన్నిటికన్నా వినబుద్ధి కానిది ఇది: వాడిన పూల కాడను కత్తిరించకండి. గులాబీకి, చామంతికి వాడిన పువ్వు తుంచేస్తే కొత్త చిగురు వస్తుంది కాబట్టి మన చెయ్యి కత్తెర వైపే పోతుంది. హోయా గుత్తి రాలాక ఒక మొండి కాడ మిగులుతుంది, దగ్గర దగ్గరగా గంట్లు పడి, ఎందుకూ పనికిరానట్టు. వచ్చే ఏడాది పూత ఆ కాడ కొసనే. ఏటేటా అదే కాడ కాస్త కాస్త పొడవై, అక్కడే మళ్లీ గుత్తి కడుతుంది. దాన్ని తుంచితే కొత్త కాడ పుట్టేదాకా పూత కోసం ఎదురుచూపే. ఆకుల్లేకుండా గాల్లోకి సాగే బోసి తీగను కూడా నరకకండి, పట్టు దొరికాక దానికి ఆకులొస్తాయి. మొగ్గలు కనపడ్డాక కుండీని అటూ ఇటూ తిప్పకండి, మొగ్గ రాలుతుంది.

పూసినప్పుడు దగ్గరికి వెళ్లి చూడండి. మైనంతో పోసినట్టు లేత గులాబీ రంగు నక్షత్రం, దాని నడుమ ఇంకో చిన్న నక్షత్రం, అక్కడ మెరిసే తేనెచుక్క. ఇలాంటివి ఒక్కో గుత్తికి ఇరవై ముప్పై. వాసన పొద్దుగూకాక మొదలవుతుంది. ఇసక దిబ్బల మీద జిల్లేడు పువ్వులోనూ ఆ అయిదు మూలల అమరికే. రథసప్తమికి తలమీద పెట్టుకుని స్నానం చేసే ఆకు ఆ జిల్లేడుదే. హోయా, జిల్లేడు రెండూ ఒకే కుటుంబం. అందుకే జిల్లేడును పట్టే పసుపుపచ్చ పేనుబంక హోయా లేత చిగుళ్లకూ వస్తుంది. నీళ్లధారతో కడిగి, చీమలు ఎక్కకుండా చూస్తే చాలు. తెంపితే పాలూ అలాగే కారతాయి, కంటికి తగలనివ్వకండి.

గుండె ఆకారంలో ఒక్క ఆకును చిన్న కుండీలో గుచ్చి అమ్ముతుంటారు, అది కెర్రీ రకం హోయా. కొనకండి. కాడకు కణుపు లేకపోతే వేళ్లు మాత్రమే వేసుకుని, ఏళ్ల తరబడి ఆ ఒక్క ఆకుగానే ఉండిపోతుంది. పక్కింటివాళ్ల తీగ నుంచి రెండు కణుపులున్న ముక్క అడగండి. పాలు ఆరనిచ్చి, కింది కణుపు మునిగేలా తడి కొబ్బరిపొట్టులో గుచ్చండి. వేళ్లు పట్టాయో లేదో పీకి చూడకండి. కొత్త ఆకు కనపడేదాకా ఆగండి.