పట్టా విక్రయ ప్రకటన: తామ్రచూడచంద్రిక అను వ్యాఖ్యతో

అవతారిక

లోకంలో జాతి పుంజును సాకేవారు ద్వివిధములు. బరి కోసం సాకేవారు, అందాల పోటీ కోసం సాకేవారు. మొదటివారి పని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికీ, 1974 నాటి గేమింగ్ చట్టానికీ విరుద్ధం కనుక వారికి ఈ వ్యాఖ్య చదివే అధికారం లేదు. రెండోవారు సాధువులు. వారి పుంజు పోట్లాడదు, మెడ నిక్కించి నిలబడుతుంది, అంతే. అట్టి సాధువులకు పట్టాను, అనగా పుంజు పిల్లను, అమ్మజూపుచు ఒకానొక విక్రేత గ్రంథారంభమున ఇష్టదేవతాస్తుతి సైతం మాని, ఏకంగా ఆత్మస్తుతికి ఇట్లు ఉపక్రమించుచున్నాడు.

మూలం

"తాతల నాటి ఒరిజినల్ బ్లడ్ లైన్. చిలకముక్కు, పొడవు తోక, మెట్టవాటం పట్టా. అసలు సిసలు అసీల్. రెండు నెలల పిల్ల. షో క్వాలిటీ గ్యారంటీ. తండ్రి పుంజు వీడియో పంపబడును. సీరియస్ బయ్యర్లు మాత్రమే."

ప్రతిపదార్థం

తాతల నాటి: ఎవరి తాత? విక్రేత తాత అని కొందరు, పుంజు తాత అని కొందరు. రెండో పక్షమే సమంజసం. అసీల్ పెట్ట ఆరేడు నెలలకు గుడ్డు పెట్టగలదు కాబట్టి పుంజుగారి తాత రెండేళ్ల కిందట పెరట్లో కూసినవాడే కావచ్చు. అబద్ధం లేదు.

ఒరిజినల్ బ్లడ్ లైన్: కొన్ని ప్రతులలో "సింగిల్ బ్లడ్" అని పాఠాంతరం. అన్నకూ చెల్లికీ జత కట్టి, వాటి పిల్లలకు మళ్లీ జత కట్టామని దానికి అర్థం. దీన్ని గొప్పగా చెప్పుకొనుట చింత్యము.

మెట్టవాటం: స్పష్టము. (తెలియని చోట స్పష్టమనుట వ్యాఖ్యాతల సంప్రదాయం.)

అసలు సిసలు అసీల్: కర్నాల్‌లోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ ఈ జాతికి పుట్టిల్లుగా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లను చెప్పింది. 1874లో తొలిసారి తమ కోళ్ల లక్షణగ్రంథం అచ్చువేసుకున్న అమెరికావారు 1981లో అసీల్‌ను కూడా అందులో చేర్చుకున్నారు. పుట్టింట్లో మాత్రం కొలత న్యాయనిర్ణేతగారి కంట్లో ఉంటుంది.

విశేషం

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మెదక్ సీమ కొలచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనకు కాళిదాసు దొరికాడు, నిలబెట్టుకున్నాడు. నాకు దొరికింది ఈ ప్రకటన. కనుక దండి దగ్గరికి పోదాం.

ఆయన దశకుమారచరితంలో ప్రమతి అనే కుమారుడు శ్రావస్తికి పోతూ దారిలో వర్తకులు ఆడించే కోడిపందెం చూసి నవ్వుతాడు. పక్కనున్న ముసలి బ్రాహ్మడు ఎందుకు నవ్వావని అడిగితే, బలమూ పరిమాణమూ ఎక్కువున్న నారికేళజాతి పుంజు మీదికి బలాకజాతి పుంజును ఎవరైనా వదులుతారా అంటాడు. ముసలాయనా తెలిసినవాడే. ఈ తెలియనివాళ్లకు చెప్పి ఏం లాభం, ఊరుకో అని కర్పూర తాంబూలం ఇస్తాడు. బలాకం ఓడిపోతుంది. పదమూడో శతాబ్దిలో కేతన ఈ కథల్ని తెనిగించి తిక్కనకే అంకితమిచ్చాడు. ఇందులో గమనింపదగిన రసవత్తర విషయం తాంబూలం కాదు. ప్రమతి జాతిని పుంజును చూసి పోల్చాడు. ఎవరి ప్రకటనా చదవలేదు, ఎవరి తాతనూ విచారించలేదు.

ఇక వరాహమిహిరుడు. బృహత్సంహితలో కుక్కుటలక్షణమని ఒక చిన్న అధ్యాయం ఉంది. ఈకలూ వేళ్లూ తిన్నగా ఉండాలి; ముఖమూ గోళ్లూ జుట్టూ రాగిరంగులో ఉండాలి; ఒళ్లు తెలుపు, తెల్లవారుజామున కూత మధురం. అట్టి పుంజు రాజుకూ రాజ్యానికీ గుర్రాలకూ కూడా వృద్ధి. (గుర్రాలకెందుకో టీకాకారులు విచారింతురు గాక.) ఆయన అంతటితో ఆగలేదు. పెట్టకు విడిగా ఒక శ్లోకం చెప్పాడు: మెత్తని పలుకు, నిగనిగలాడే ఒళ్లు, చక్కని ముఖమూ కళ్లూ ఉన్న పెట్ట రాజులకు చిరకాలం సంపద, కీర్తి, విజయం ఇస్తుందట. ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడికి పెట్ట కనబడింది. ప్రకటనలో "తండ్రి పుంజు వీడియో" ఉంది. తల్లేదీ?

ఈ మాట ఒక అమ్మకందారుణ్ణి అడిగాను. "పెట్టదేముందండీ, పుంజును బట్టే కదా పిల్ల!" అన్నాడు.

కాదు నాయనా. కోళ్లలో పిల్ల పుంజో పెట్టో తేల్చేదే తల్లి. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన జడ్‌ను కొడుక్కే ఇస్తుంది, కూతురికి ఇవ్వదు. నువ్వు అమ్మే పట్టాలో సగం ఆ పెట్టే. పైగా పెట్ట ఒంట్లో పుంజు బీజం రెండు మూడు వారాల దాకా నిలవుంటుంది. నిన్న పాత పుంజును తీసి ఇవాళ కొత్త పుంజును వదిలి, వారానికి వచ్చిన గుడ్డుకు ఫలానావాడు తండ్రి అని వీడియో పంపితే ఎలా నమ్మేది? ఏడాదికి ముప్పై నలభై గుడ్లు పెట్టే జాతి ఇది. రక్తం దగ్గరైన కొద్దీ మొదట దెబ్బ తగిలేది గుడ్లు పొదగబడటానికే. పెట్ట ఇరవై ఒక్క రోజులూ తిండి సరిగా తినక కూర్చుంటే సగం గుడ్లు మురిగిపోతాయి. నింద మాత్రం పెట్టకే.

క్షమింతురు గాక. ప్రకృతమనుసరింతము.

షో క్వాలిటీ గ్యారంటీ: రెండు నెలల పిల్లకు పొడవు తోక ఎక్కడిది? ఇది భావికాలంకారం. కాబోయేదాన్ని కళ్లముందు ఉన్నట్టే చెప్పుట దాని లక్షణం. ఈకలు రాలి కొత్తవి వచ్చి, ముక్కు వంపు తేలి, తోక నేల మీదికి జారేసరికి ఏడాది దాటుతుంది. అప్పటికి విక్రేత ఫోను నంబరు మారియుండును.

సీరియస్ బయ్యర్లు మాత్రమే: పై ప్రశ్నలు అడగరాదని ధ్వని.

తాత్పర్యం

తల్లి తెలియనిదియు, తండ్రి అనుమానాస్పదుడును, కాలికి గుర్తింపు రింగు లేనిదియునగు ఒక కోడిపిల్ల అమ్మకానికున్నది.

కొనబోయేవారు అడ్వాన్సు పంపేముందు తల్లి పెట్టను చూపించమనండి. దానితో ఏ పుంజును ఏ తేదీ నుంచి విడిగా ఉంచారో రాసిపెట్టిన పుస్తకం అడగండి. పుస్తకం లేదంటే, నాటుకోడి ధర మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.